ఆడవాళ్లకి గేరు బండి నేర్పండి: విశాఖ డ్రైవింగ్ స్కూళ్లకి బహిరంగ లేఖ

విశాఖపట్నంలో డ్రైవింగ్ స్కూళ్లు నడుపుతున్న యజమానులకి, వాటిలో బండి నేర్పే మాస్టార్లకి నమస్కారం.

మీ బోర్డుల మీద కారు ఉంటుంది, స్కూటీ ఉంటుంది, లేడీస్‌కి ప్రత్యేక బ్యాచ్ అని కూడా రాసి ఉంటుంది. ఆ బ్యాచ్‌లో గేరు మోటార్‌సైకిల్ మాత్రం ఉండదు. గాజువాకలో అడిగినా మధురవాడలో అడిగినా ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "మీకెందుకమ్మా గేరు బండి, స్కూటీ చాలు కదా." ఆ మాట మానుకోమని, గేరు బండి క్లాసు మొదలుపెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. ఊరికే అడిగి వదిలేయం. ఎలా నేర్పాలో, ఎక్కడ తేడా వస్తుందో, ఎందుకు వస్తుందో కూడా రాస్తున్నాం.

నేర్చుకుంటామని వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, షిఫ్టులకి వెళ్లేవాళ్లున్నారు, పిల్లలు ఎదిగి చేతికొచ్చాక ఇప్పుడైనా నేర్చుకుందాం అనుకునే నడివయసు వాళ్లూ ఉన్నారు. చిన్నప్పుడు నాన్న బండి ట్యాంకు మీద కూర్చున్నప్పుడు పుట్టిన ఇష్టం అరవై దాటినా పోదు చాలామందికి. అది మధ్యలో ఆగిపోవడానికి కారణం భయం అనుకుంటారు. మాకు తెలిసినంతవరకు కారణం, మొదటి వారంలో సరిగ్గా నేర్పేవాళ్లు లేకపోవడం. అన్నయ్యో, భర్తో ఖాళీ రోడ్డు మీద అరగంట చూపిస్తారు. బండి నాలుగుసార్లు ఆగిపోతుంది. చూపించేవాళ్లు విసుక్కుంటారు. అక్కడితో సరి. నేర్పడం వాళ్ల వృత్తి కాదు, వాళ్లని అనడానికి లేదు. మీకు మాత్రం అది వృత్తి.

ముందు బరువు సంగతి. "ఆడవాళ్లు ఆ బరువు ఆపలేరు" అనేది అందరూ చెప్పే మాట. వంద సీసీ స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. 112 కిలోలు చేతులతో ఆపగలిగే మగవాడు మాత్రం ఎంతమంది? నిలువుగా ఉన్న బండి బరువంతా చక్రాల మీదే ఉంటుంది. ఒక హద్దు దాటి వాలితేనే మన మీద పడుతుంది. ఆ హద్దు ఎక్కడుందో ఒంటికి తెలియజెప్పడమే మొదటి పాఠం, కండబలంతో దానికి పని లేదు. సరిహద్దు భద్రతా దళం ఆడపిల్లల జట్టు సీమా భవాని 2018 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో బుల్లెట్ల మీద విన్యాసాలు చేసింది. మరుసటి ఏడాది సైన్యం బండి విన్యాసాల జట్టు డేర్‌డెవిల్స్‌లో కెప్టెన్ శిఖా సురభి బండి మీద నిలబడి వందనం చేసింది. 2019లోనే బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే బాహా అనే ఎడారి, మట్టిదారుల ర్యాలీల్లో మహిళల ప్రపంచ కప్పు గెలిచింది. మన పక్కన హైదరాబాద్‌లో జై భారతి ఆడవాళ్లకి బండి నేర్పడమే పనిగా పెట్టుకుంది. వాళ్లందరికీ సరైన పద్ధతిలో శిక్షణ దొరికింది. మన ఊళ్లో అది మీరే ఇవ్వాలి.

సీటు ఎత్తు బరువు కంటే నిజమైన ఇబ్బంది. అవెంజర్ సీటు 737 మి.మీ., మీటియర్ 350 సీటు 765, స్ప్లెండర్ 785, క్లాసిక్ 805, కొత్త హిమాలయన్ 450 సీటు 825. అయిదడుగుల మనిషికి ఎక్కువ బండ్ల మీద రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. ఆనక్కర్లేదు కూడా. సీటు మీద నడుము కొంచెం ఎడమకి జరిపి ఎడమ పాదం ఒక్కటి మడమతో సహా ఆనిస్తే చాలు, కుడి కాలు బ్రేకు మీద ఉంటుంది. రెండు కాళ్ల మునివేళ్ల మీద నిలబడటం కంటే ఇది ఎంతో గట్టి పట్టు. ఇందులో ఒక చిక్కుంది. నీళ్లు జారిపోవడానికి మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. ఎడమ అంచున బండి ఆపితే ఎడమ పాదం కింద నేల ఇంకాస్త దిగువకి ఉంటుంది. మైదానంలో చక్కగా ఆనిన కాలు అక్కడ అందదు, బండి ఆ పక్కకే ఒరుగుతుంది. పొట్టివాళ్లు సిగ్నల్ దగ్గర పడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అంచుకి పోకుండా తమ వరస మధ్యలో ఆపమని, ఆగే ముందు పాదం పెట్టబోయే చోటు ఒక్కసారి చూసుకోమని నేర్పాలి. అప్పటికీ అందకపోతే సీటు కుట్టేవాళ్ల దగ్గర ఫోము ఒక అంగుళం తీయించవచ్చు. మందపాటి అడుగున్న బూటు మరికొంత ఇస్తుంది. వెనక షాకబ్జార్లు మార్చి బండిని కిందికి దించడం మాత్రం మేం చెప్పం. అలా దించితే సైడ్ స్టాండు పొడుగైపోయి బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, చిన్న తోపుకే అటు పక్కకి పడిపోతుంది.

ఇప్పుడు లైసెన్సు. ఆడమనిషి ఎల్‌ఎల్‌ఆర్‌కి, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సుకి వస్తే అడగకుండానే గేరు లేని బండి అని నింపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. గేరు ఉన్న మోటార్‌సైకిల్ అని రాస్తే ఆ లైసెన్సు మీద స్కూటీ కూడా నడపొచ్చు. గేరు లేనిది రాస్తే తర్వాత గేరు బండి కోసం మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, మళ్లీ పరీక్ష. దయచేసి అడిగి నింపండి. నలభై దాటినవాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కావాలి, అది ముందే చెప్పకపోతే ఒక రోజు పోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితేనే పక్కా లైసెన్సు పరీక్షకి వెళ్లగలరు, ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. ఆ 30 రోజులే మీ క్లాసుకి సరిపోయే గడువు.

నేర్పే పద్ధతిలో అన్నిటికంటే ముందు మానాల్సింది, మాస్టారు వెనక సీటు మీద కూర్చుని చేతులు చాపి హ్యాండిల్ పట్టుకోవడం. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, చాలామంది ఆడవాళ్లు రెండో రోజు నుంచి రావడం మానేసేది ఈ కారణంగానే, బయటికి చెప్పరు. రెండోది, వెనక 70 కిలోలు పడితే బండి నడకే వేరు. ముందు చక్రం తేలిక అవుతుంది, క్లచ్ వదిలేటప్పుడు ఇంజను ఎక్కువ లాగాల్సి వస్తుంది, మలుపులో వాలు ఆమె చేతిలో ఉండదు. అలా పదిరోజులు నేర్చుకున్న మనిషి ఒంటరిగా ఎక్కినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. మాస్టారు పక్కన నడవాలి, తర్వాత దూరంగా నిలబడి చెప్పాలి. ఒక మాస్టారుకి ముగ్గురు మించకూడదు. నేర్పే ఆడమనిషి దొరికితే ఇంకా మేలు.

మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేయొద్దు. చదునైన మైదానంలో వంద సీసీ బండిని పక్కన నిలబడి తోయించండి. ముందుకి, వెనక్కి, ఎనిమిది ఆకారంలో. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, తుంటి సీటుకి ఆనించి. సైడ్ స్టాండు, సెంటర్ స్టాండు వేయించండి. సెంటర్ స్టాండు చేతుల బలంతో ఎక్కదు. స్టాండు రెండు కాళ్లూ నేలకి తగిలేదాకా తొక్కి, ఒంటి బరువంతా కుడి పాదం మీద వేసి, వెనక పట్టుకునే హ్యాండిల్‌ని ఊరికే పైకి నడిపిస్తే ఎక్కుతుంది. ఆ తర్వాత బండిని ఎడమకి, కుడికి కొద్ది కొద్దిగా వాల్చి, ఎక్కడ బరువు దిగుతోందో చూసుకోమనండి. ఈ గంట పాఠం అయ్యాక సగం బెరుకు పోతుంది.

అదే రోజు పడిన బండి లేపడం కూడా నేర్పండి. పడటం గురించి మాట్లాడితే భయపడతారని చాలామంది దాటేస్తారు. లేపడం రాకపోవడమే అసలు భయం. పాత టైర్ల మీదో గడ్డి మీదో బండిని మెల్లగా పడుకోబెట్టండి. ముందు స్విచ్ ఆఫ్ చేయాలి. బండి దొర్లకుండా గేరులో ఉండాలి. కుడి పక్కకి పడితే సైడ్ స్టాండు ముందే తీసి పెట్టాలి, అప్పుడు అవతలికి పడదు. ఎడమకి పడితే ఆ వీలు లేదు, నిలబెట్టాక తుంటితో ఆపి స్టాండు కాలితో వెతుక్కోవాలి. హ్యాండిల్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బండికి వీపు చేసి, సీటు అంచుకి పిరుదులు ఆనించి, ఒక చేత్తో కింద ఉన్న గ్రిప్పు, ఇంకో చేత్తో వెనక హ్యాండిలో ఫ్రేమో పట్టుకోవాలి. వీపు నిటారుగా ఉంచి, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ తొడల బలంతో నెట్టాలి. ఎదురుగా వంగి చేతులతో లాగితే నడుము పట్టేస్తుంది, బండి మాత్రం లేవదు. ఈ పద్ధతిలో 55 కిలోల మనిషి క్లాసిక్‌ని లేపగలదు.

రెండో పాఠం క్లచ్. బండి ఆగిపోయేది క్లచ్ త్వరగా వదలడం వల్ల అంటారు. అది సగమే నిజం. క్లచ్ పట్టే చోటుకి రాగానే బండి కదులుతుంది, ఆ కదలికకి ఉలిక్కిపడి వేళ్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, బండి ఆగిపోతుంది. కాబట్టి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, రెండు కాళ్లూ నేలకి దగ్గరగా ఉంచి, క్లచ్ ఒక్కదానితో పది మీటర్లు పాకించండి. వంద సీసీ బండి చదును నేల మీద ఐడ్లింగ్‌తోనే కదులుతుంది. బండి కదిలాక కూడా క్లచ్‌ని అక్కడే రెండు క్షణాలు పట్టి ఉంచడమే పాఠం. ఇది ఇరవైసార్లు చేశాకే యాక్సిలరేటర్ ఇవ్వండి.

చేతుల సంగతి కూడా చూడండి. చిన్న చేతులకి లివర్ దూరం. క్లచ్ ఎక్కడో చివర పట్టుకుంటే అక్కడికి వేళ్ల కొనలే అందుతాయి, అదుపు ఉండదు. లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. ఖాళీ, అంటే కేబులు లాగడం మొదలయ్యే ముందు లివర్ ఊరికే కదిలే దూరం, ఉండాలి. ఎక్కువ వైపు ఉంచితే క్లచ్ గ్రిప్పుకి దగ్గరగా పడుతుంది. అంతకు మించితే క్లచ్ పూర్తిగా విడవదు, న్యూట్రల్ పడదు. లివర్ బిగించే బోల్టు వదులు చేసి మణికట్టు వంగకుండా కొంచెం కిందికి తిప్పండి. ఇంకో ముఖ్యమైన మాట: సముద్రపు గాలికి మన ఊళ్లో క్లచ్ కేబుళ్లు తొందరగా తుప్పు పట్టి బిగుసుకుంటాయి. బిగిసిన కేబులుతో గంటసేపు నేర్చుకుంటే ముంజేయి లాగేస్తుంది, "నా చేతుల్లో బలం లేదు" అనుకుని ఇంటికెళ్లిపోతుంది ఆమె. కేబులు పై కొస విప్పి సన్నటి ఆయిల్ చుక్కలు వేయండి, అప్పటికీ తేలిక కాకపోతే కొత్తది వేయించండి. స్కూలు బండ్లకి ఇది నెల నెలా చేయాల్సిన పని. గొలుసు కూడా అంతే: ప్రతి 500 కిలోమీటర్లకి ఆయిల్ అనేది మామూలు లెక్క, బీచ్ రోడ్డు పక్కన తిరిగే బండికి అంతకంటే ముందే కావాలి.

స్కూటీ నడపడం వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. దీన్ని ఎవరూ చెప్పరు, అందుకే ఎక్కువ చెబుతున్నాం. స్కూటీకి ఎడమ చేతి లివర్ వెనక బ్రేకు. మోటార్‌సైకిల్‌కి అదే చోట క్లచ్. ఏళ్ల తరబడి స్కూటీ నడిపిన మనిషి కుక్క అడ్డం వస్తే ఆలోచించకుండా ఎడమ లివర్ లాగుతుంది. స్కూటీ అయితే ఆగేది. మోటార్‌సైకిల్ అయితే క్లచ్ పడి, ఇంజను పట్టు కూడా పోయి, బండి ఇంకా హాయిగా ముందుకి జారుతుంది. కుడి పాదం అనేదొకటి ఉందని ఆ క్షణంలో గుర్తుకు రాదు. దీనికి మందు ఒకటే, అలవాటు మార్చడం. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో వస్తుంటే మీరు చెయ్యి ఎత్తండి. కుడి పాదం, కుడి చెయ్యి ముందు పడాలి, క్లచ్ చివర్లో, బండి ఆగబోతుండగా. రోజుకి పదిహేనుసార్లు, వారం పాటు. తర్వాత 30లో, 40లో. ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేయకుండా, బరువు ముందు చక్రం మీదికి వచ్చేకొద్దీ గట్టిగా పిండాలి. ఆపే శక్తి ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పే మాస్టార్లు ఇంకా ఉన్నారు, అది తప్పు పాఠం. ముట్టుకోకూడనిది హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా పోతున్నప్పుడు. అప్పుడు పట్టుకుంటే బండి తిరిగిన వైపుకే కూలుతుంది. 125 సీసీ దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. కానీ మీ దగ్గరున్న వంద సీసీ బండికి అది ఉండదు, కాబట్టి చేతికే నేర్పాలి.

గేర్ల క్రమం కూడా చెప్పండి. స్ప్లెండర్‌కి అన్ని గేర్లూ ముందుకి తొక్కాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్‌కి మొదటిది కిందికి, మిగతావి పైకి. ఒకదాని మీద నేర్చుకుని రెండోది ఎక్కినవాళ్లు గేరు పెంచుతున్నామనుకుని తగ్గించేస్తారు, బండి ఒక్కసారి పట్టినట్టవుతుంది. బండి మార్చిన రోజు మొదటి పావుగంట దానికే కేటాయించండి.

ఎనిమిది వేయడం గురించి మీకు మేం చెప్పనక్కర్లేదు. ఒక్క మాట: మొదటి గేరు, సగం క్లచ్, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా, కళ్లు ముందు చక్రం మీద కాకుండా తర్వాత వెళ్లాల్సిన చోట. చూపు నేల మీదుంటే బండి నేలకే వస్తుంది. పరీక్ష కోసం ఎనిమిది ఒక్కటే నేర్పి పంపేయడం మాత్రం సరిపోదు, ఎందుకంటే పరీక్ష జరిగే చోటు చదునుగా ఉంటుంది, మన ఊరు ఉండదు.

విశాఖలో ఎత్తు మీద ఆగి బయల్దేరడం రాకపోతే బండి రానట్టే. సిరిపురం నుంచి బీచ్ రోడ్డు వైపు దిగే వీధులు, సింహాచలం ఘాట్, కైలాసగిరి. ఎత్తు మీద కుడి పాదం వెనక బ్రేకు తొక్కి ఉండాలి, ఎడమ పాదం నేల మీద. క్లచ్ వదులుతుంటే ఇంజను శబ్దం మందగించి బండి వెనక భాగం కొంచెం కూర్చున్నట్టవుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చి, ఆ తర్వాతే బ్రేకు వదలాలి. చాలామంది బ్రేకు ముందు వదిలేస్తారు, బండి వెనక్కి జారుతుంది, కాళ్లు రెండూ కింద పెట్టి ఆపబోయి పడతారు. నేర్పేటప్పుడు వాలు తక్కువున్న వీధితో మొదలుపెట్టి, వెనక ఎవరూ లేని పొద్దున్న వేళ చేయించండి.

బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పల్చటి పొరలా ఉంటుంది, మలుపులో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. వేగం మలుపుకి ముందే తగ్గించుకోవాలి. పోర్టు, గాజువాక వైపు లారీల ఎడమ పక్కన దూరవద్దని గట్టిగా చెప్పండి, ఆ డ్రైవరుకి అద్దంలో మీరు కనబడరు. అక్కడి రోడ్ల మీద పేరుకున్న దుమ్ము, నూనె తొలకరి వాన పడిన అరగంటలో సబ్బునీళ్లలా ఉంటాయి.

అరకు వెళ్లాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లకి వెనక డ్రమ్ము వేడెక్కి, పెడల్ కిందికి దిగుతున్నా బండి ఆగని స్థితి వస్తుంది. మలుపుల్లో బస్సు వెనక భాగం మన వరసలోకి వస్తుంది కాబట్టి ఎడమనే ఉండి, హారన్ కొట్టి, అవతల ఏముందో కనిపించేదాకా మధ్య గీత వైపు రాకూడదు. ఈ పాఠాలు మీ కోర్సు చివర్లో ఒక ఆదివారం పెట్టండి, దానికి వేరే ఫీజు తీసుకున్నా ఇస్తారు.

బట్టల విషయంలో నియమాలు పెడితే ఎవరూ బాధపడరు, కారణం చెబితే చాలు. చున్నీ వేసుకుంటే రెండు కొసలూ నడుముకి కట్టేయాలి, లేదా ఇంట్లో వదిలి రావాలి. గొలుసు కవరు లేని బండికి అది చుట్టుకుంటే మెడకే ప్రమాదం. పాదం చీలమండ దాకా కప్పే బూటు కావాలి. చెప్పుతో గేరు వేస్తే బొటనవేలి మీద గోరు పోతుంది. నడినెత్తిన కొప్పు పెట్టుకుని హెల్మెట్ పెడితే అది పైకి లేచి నిలబడుతుంది. మెడ దగ్గర జడ వేసుకోవాలి, ఇనుప క్లిప్పులు తీసేయాలి. హెల్మెట్ కొలత కనుబొమల పైనుంచి టేపుతో చుట్టూ తీయాలి, 560, 580 లాంటి అంకెలు ఆ చుట్టుకొలతే, మి.మీ.లో. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడానికే వీల్లేదు. పట్టీ పెట్టుకున్నాక వెనకనుంచి ముందుకి ఎత్తి చూస్తే ఊడిరాకూడదు. స్కూల్లో అందరికీ ఒకే పెద్ద హెల్మెట్ ఇవ్వడం మానేసి, మూడు సైజులు ఉంచండి. 1916లో అమెరికాలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు 'ఇండియన్' అనే అమెరికా కంపెనీ మోటార్‌సైకిళ్ల మీద దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంటే మగవాళ్ల బట్టలు వేసుకున్నారని పోలీసులు పట్టుకున్నారు. బండికి తగ్గ బట్టలు వేసుకోవడానికి మన పిల్లలు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, మీ మైదానంలో అయినా.

నలభై, యాభై దాటి వచ్చేవాళ్లని వెనక బెంచీ వాళ్లలా చూడకండి. వాళ్లకి రోడ్డు తెలుసు, ట్రాఫిక్ తెలుసు, ఓపిక ఉంటుంది. మోకాలు పైకి లేవదు, అంతే. సైడ్ స్టాండు వేసి, ముందు బ్రేకు పట్టి, కాలు వంచి సీటు మీదుగా దాటించడం ఓపికగా చూపించండి. అరచేతులు తిమ్మిరెక్కుతాయంటే గ్రిప్పుని గట్టిగా పిసుకుతున్నారని అర్థం. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోమనండి, చేతులు వదులవుతాయి. పాఠం నలభై నిమిషాలకి ఆపి నీళ్లు తాగనివ్వండి. 55 దాటాక లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ నడపొచ్చు. వయసు పైబడితే బండి మార్చుకోవాలి, 195 కిలోల నుంచి 112కి. మానేయాల్సిన పని లేదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. ఒక వంద సీసీ బండి, క్రాష్ గార్డు వేయించినది. ఒక 350, చివరి వారానికి. డజను ప్లాస్టిక్ కోన్లు. ముప్పై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు చదును నేల. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా బ్యాచ్, ఆ తర్వాత మన ఊరి ఉక్కలో హెల్మెట్ కింద ఎవరికీ ఏమీ ఎక్కదు. షిఫ్టు డ్యూటీ వాళ్లకి సాయంత్రం ఒకటి. వంద సీసీ బండి ముందు టైరుకి 25, వెనక 28 పీఎస్ఐ గాలి ప్రతి సోమవారం చూడండి. మైదానంలో తక్కువ గాలితో బండి బరువుగా తిరుగుతుంది, ఆ బరువుని మళ్లీ ఆమె చేతుల మీదికే తోస్తారు.

ఎండలు ముదరకముందే, జనవరిలో మొదటి బ్యాచ్ పెట్టండి. నేర్పే ఆడవాళ్లు కావాలంటే మాలో కొంతమంది వస్తాం, ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. బోర్డు మీద "లేడీస్ – గేరు మోటార్‌సైకిల్" అని రాయించండి. మిగతా ప్రచారం మేం చేస్తాం.

ఇట్లు
విశాఖపట్నంలో గేరు బండ్లు నడిపే ఆడవాళ్లం